రెడ్డా, గ్రీనా? అమెరికా రోడ్ల మీద ఏ ఊరి తిండి ఆ ఊళ్ళో తినడం ఎలా

శాంటా ఫేలో మొదటిసారి ఎంచిలాడాలు (మొక్కజొన్న రొట్టెల మీద మిరపకాయల సాస్ పోసి పెట్టే వంటకం) ఆర్డర్ ఇస్తుంటే, రాసుకుంటున్న అమ్మాయి "రెడ్ ఆర్ గ్రీన్?" అని అడిగింది. నేను "యెస్" అన్నాను. ఆమె పెన్ను పైకెత్తి మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ "యెస్, ప్లీజ్" అన్నాను. పక్క టేబుల్ మీద ముసలాయన నవ్వు ఆపుకోలేక కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

పైన ఎర్ర మిరప సాస్ పోయాలా, పచ్చ మిరప సాస్ పోయాలా అని ఆమె అడుగుతోందని, అది ఆషామాషీ ప్రశ్న కాదని తర్వాత తెలిసింది. న్యూ మెక్సికో శాసనసభ తీర్మానం చేసి మరీ దాన్ని రాష్ట్ర అధికారిక ప్రశ్నగా పెట్టుకుంది. మిగతా రాష్ట్రాలకు ఒక పువ్వు, ఒక పక్షి ఉంటే, వీళ్ళకు వాటితో పాటు ఒక ప్రశ్న కూడా ఉంది.

అప్పటినుంచి డాలస్‌లో కారు తీసే ముందు, వెళ్ళే ఊళ్ళో కౌంటర్ దగ్గర ఏం అడుగుతారో కనుక్కోవడం నాకు అలవాటైంది. లాక్‌హార్ట్‌లో "లీన్ ఆర్ మాయిస్ట్?" అంటారు. న్యూ ఆర్లీన్స్‌లో "డ్రెస్డ్?" అంటారు. నాష్‌విల్‌లో ఎంత కారం కావాలంటారు. జవాబు తెలిస్తే సగం పని అయినట్టే. తెలియకపోతే బెదిరిపోయి హైవే ఎగ్జిట్ దగ్గర ఏ చెయిన్ రెస్టారెంట్‌కో వెళ్ళి, డాలస్‌లో తినే బౌలే అక్కడా తింటాం. రాత్రికి హోటల్ గదిలో ఐస్ బాక్స్ తెరిచి పులిహోర. పులిహోర మీద నాకేం కోపం లేదు, మా కారులోనూ ఎప్పుడూ ఒక డబ్బా ఉంటుంది. కానీ ఎనిమిది గంటలు డ్రైవ్ చేసి వెళ్ళిన ఊళ్ళో ఒక్క పూటైనా ఆ ఊరి ముద్ద తినాలి కదా.

ముందు ఇంట్లోనే తేల్చుకోండి

కారులో నలుగురుంటే నాలుగు నియమాలుంటాయి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నాన్న కోడి, చేప వరకు. మీరు పంది దాకా వచ్చి ఆవు దగ్గర ఆగుతారు. పిల్లలు ఏదైనా తింటారు, కూరగాయలు తప్ప. ఇదంతా రెస్టారెంట్ గుమ్మంలో నిలబడి తేల్చుకోవద్దు. బయల్దేరే ముందు రోజే ఎవరికి ఏది పనికిరాదో ఒక చీటీ మీద రాసుకోండి. రొయ్యలు, పీతలు పడనివాళ్ళుంటే అది అన్నిటికంటే పైన రాయండి. లూసియానాలో ఒకే నూనెలో అన్నీ వేయిస్తారు, ఒకే గుండిగలో అన్నీ ఉడికిస్తారు.

శాకాహారులు గుర్తుంచుకోవాల్సింది, "వెజిటేరియన్" అన్న ఒక్క మాట సరిపోదని. దక్షిణాది రాష్ట్రాల్లో మాంసం ముక్క కనిపించకపోతే చాలు, అది కూరగాయల వంట కిందే లెక్క. ఆకుకూర ఉడికేటప్పుడు పొగబెట్టిన పంది ఎముక ఒకటి వేస్తారు. బీన్స్‌లో బేకన్ వేస్తారు. టోర్టియా అనే పల్చటి రొట్టెల పిండిలో లార్డ్, అంటే పందికొవ్వు, కలిపే చోట్లున్నాయి. అందుకని ఇలా అడగండి: "డజ్ ఇట్ హావ్ ఎనీ మీట్, చికెన్ స్టాక్, బేకన్ ఆర్ లార్డ్ ఇన్ ఇట్?" నాలుగూ పేరుపేరునా అడిగితేనే లోపలికి వెళ్ళి కనుక్కొస్తారు. నవ్వుతూ అడిగితే ఎవరూ విసుక్కోరు.

రెండు ఉచ్చులు ముందే చెప్పేస్తాను. న్యూ ఆర్లీన్స్‌లో "గంబో జెర్బ్" అని ఆకుకూరల గంబో, అంటే చిక్కటి పులుసు, ఉంటుంది. పేరు విని శాకాహారులు సంబరపడిపోతారు. కానీ మామూలుగా అందులో రకరకాల మాంసాలు వేస్తారు. రెండోది టెనెసీ వైపు "మీట్ అండ్ త్రీ" హోటళ్ళు. ఒక మాంసం, మూడు కూరలు అని అర్థం. మాంసం వద్దంటే "వెజిటబుల్ ప్లేట్" ఇస్తారు. కూరల పట్టికలో మెకరోనీ చీజ్ కూడా కూరగాయే! పైన చెప్పిన నాలుగు మాటల ప్రశ్న అడిగి ఎంచుకుంటే అక్కడ చక్కగా తినొచ్చు. వేయించిన బెండకాయలు, చిలగడదుంప, మొక్కజొన్న రొట్టె ఉంటే మా అమ్మకు ఇంకేం అక్కర్లేదు.

క్యాలెండర్ చూసి బయల్దేరండి

మామిడిపళ్ళు సంక్రాంతికి అడిగితే ఎలా ఉంటుందో, లూసియానాలో క్రాఫిష్ (చిన్న లాబ్‌స్టర్ లాంటిది) అక్టోబర్‌లో అడిగితే అలా ఉంటుంది. క్రాఫిష్ జనవరి చివర మొదలై జూన్ దాకా వస్తుంది. మార్చి నుంచి మే వరకు కండ బాగుంటుంది, ధరా దిగుతుంది. న్యూ మెక్సికోలో పచ్చిమిరపకాయలు కాల్చేది ఆగస్టు చివర, సెప్టెంబర్లో. మేరీలాండ్ పీతలు వేసవి చివర్లో, సెప్టెంబర్, అక్టోబర్ల్లో బరువుగా ఉంటాయి.

వారం కూడా చూసుకోవాలి. పేరున్న బార్బెక్యూ కొట్లు చాలావరకు సోమవారం మూసేస్తారు. న్యూ ఆర్లీన్స్‌లో మాత్రం సోమవారానికే ఒక వంట ఉంది. ఎర్ర బీన్స్, అన్నం. ఒకప్పుడు సోమవారం బట్టలుతికే రోజు. ఆదివారం మిగిలిన హామ్ ఎముక వేసి బీన్స్ పొయ్యి మీద పెట్టేస్తే, బట్టల పని అయ్యేసరికి అవే ఉడికేవి. బట్టలు మిషన్లోకి వెళ్ళిపోయినా బీన్స్ సోమవారాన్ని వదల్లేదు. ఆ ఊరి జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉత్తరాల చివర "రెడ్ బీన్స్ అండ్ రైస్‌లీ యువర్స్" అని సంతకం పెట్టేవాడట. మనలో ఎవరూ ఇంతవరకు "ఇట్లు, మీ పప్పన్నం" అని రాయలేదు, ఎందుకో మరి.

కొట్టు వెతకడం

ఫోన్లో "రెస్టారెంట్స్ నియర్ మీ" అని కొట్టకండి. డబ్బులు పెట్టినవాళ్ళు ముందొస్తారు. వంట పేరు, ఊరి పేరు కలిపి కొట్టండి: "బూడాన్ లఫాయెట్", "గ్రీన్ చిలీ స్ట్యూ ఆల్బకర్కీ". తర్వాత నక్షత్రాలు కాదు, జనం పెట్టిన ఫొటోలు చూడండి. పది మందిలో ఏడుగురు ఒకే వంట ఫొటో పెట్టారంటే అదే అక్కడ తినాల్సింది. మెనూ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పిజ్జా, పాస్తా, ఫజీతా అన్నీ దొరుకుతాయన్నచోట ఏదీ బాగుండదు. ఇది మన హైవే ధాబాలకూ వర్తించే సూత్రమే.

పెట్రోల్ బంకులను తక్కువ అంచనా వేయకండి. డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్ళే దారిలో, లూసియానాలో, నేను తిన్న మంచి తిళ్ళలో కొన్ని బంకుల్లోనే తిన్నాను. పార్కింగ్‌లో పికప్ ట్రక్కులు, పోలీసు కారు ఒకటి ఆగి ఉంటే నిర్భయంగా దిగండి.

లూసియానా: మన నోటికి దగ్గరి దారి

డాలస్ నుంచి కారులో వెళ్ళేవాళ్ళకు మొదట నేను చెప్పేది లూసియానానే. ఎందుకంటే అక్కడ అన్నం ఉంది, బెండకాయ ఉంది, రొయ్య ఉంది, కారం ఉంది. ఇరవై నంబర్ హైవే మీద ష్రీవ్‌పోర్ట్ దాకా వెళ్ళి, కుడికి నలభై తొమ్మిది పట్టుకుంటే లఫాయెట్. అక్కణ్ణుంచి పది నంబర్ మీద తూర్పుకి న్యూ ఆర్లీన్స్. నేరుగా వెళ్ళినా ఎనిమిది గంటలు పడుతుంది కాబట్టి మధ్యలో లఫాయెట్‌లో ఒక రాత్రి ఆగండి.

లఫాయెట్‌లో దిగగానే బూడాన్. అన్నం, పంది మాంసం, కాలేయం, ఉల్లికాడలు కలిపి తొడుగులో కూరి ఆవిరి పట్టిన సాసేజ్. బంకులో కౌంటర్ పక్కన వేడి పెట్టెలో ఉంటుంది, కాగితంలో చుట్టిస్తారు. కత్తి, ఫోర్కు అడగొద్దు. కారు బానెట్ మీద కాగితం పరుచుకుని, ఒక కొన కొరికి, లోపలి అన్నం నోట్లోకి పిండుకోవాలి. పంది తిననివాళ్ళు క్రాఫిష్ బూడాన్, రొయ్యల బూడాన్ అని చూసి మోసపోకండి, పై తొడుగు మామూలుగా పంది పేగే. దగ్గర్లోనే ఏవరీ ఐలండ్ ఉంది. టబాస్కో సాస్ 1868 నుంచి తయారవుతున్నది అక్కడే, ఫ్యాక్టరీ చూడనిస్తారు. పీపాల్లో ఊరుతున్న మిరప ముద్ద వాసనకు నాన్న ముక్కు మూసుకోలేదు. "మన జాడీల గది వాసన" అన్నారు.

క్రాఫిష్ రోజుల్లో వెళితే సాయంత్రం దానికే కేటాయించండి. చూడటానికి ఎర్రటి చిన్న లాబ్‌స్టర్. నీటి గుంటల్లో పెరుగుతుంది. లూసియానాలో చాలామంది వరి కోసిన మళ్ళల్లోనే నీళ్ళు నిలిపి పెంచుతారు. తూకం మీద అమ్ముతారు, మనిషికి మూడు నుంచి ఐదు పౌండ్లు చెప్పండి. విని భయపడొద్దు, తొక్కలే ఎక్కువ, తోకలో వచ్చే కండ వేలెడు. ట్రేలో గుట్టగా పోస్తారు, దాంతోపాటే ఉడికిన మొక్కజొన్న కంకులు, బంగాళదుంపలు. తినే పద్ధతి ఇది. ఎడమ చేత్తో తల పట్టుకోండి, కుడి చేత్తో తోక పట్టుకుని మెలితిప్పి లాగండి. తల ఊడొస్తుంది. ఆ తలను పారేయకుండా జుర్రుకోవాలి, మసాలా రసమంతా అందులోనే ఉంటుంది. తోక మీది మొదటి రెండు పొరలు వలిచి, కొన నొక్కితే కండ బయటికొస్తుంది. పీతలు, రొయ్య తలకాయలు జుర్రుకుని పెరిగిన కోస్తా వాళ్ళకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. మా పక్క టేబుల్ మీద ఒహాయో నుంచి వచ్చిన దంపతులకు మా నాన్న నేర్పారు, ఇంగ్లీషు రాకుండానే.

ఒక జాగ్రత్త. ఆ చేతులతో కళ్ళు తుడుచుకోవద్దు. కడుక్కున్నాక కూడా గంటసేపు ఆ మాట గుర్తుపెట్టుకోండి. కాంటాక్ట్ లెన్సులుంటే కళ్ళజోడుతో వెళ్ళండి.

ఇంక గంబో. ఈ మాట ఆఫ్రికా భాషల్లో బెండకాయకు ఉన్న పేరు నుంచి వచ్చింది. దీన్ని వండటం మొదలుపెట్టే తీరు చూస్తే మన ఆడవాళ్ళు ఆశ్చర్యపోతారు. మైదాను నూనెలో సన్నని సెగ మీద, చాక్లెట్ రంగు వచ్చేదాకా, గరిటె ఆపకుండా తిప్పుతారు. దాన్ని రూ అంటారు. క్షణం ఏమరితే మాడిపోతుంది, మొత్తం పారబోయాల్సిందే. అందులో ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికం పడతాయి. ఈ మూడింటిని అక్కడివాళ్ళు "హోలీ ట్రినిటీ" అంటారు, మనకు అల్లం వెల్లుల్లి ఎలాగో వాళ్ళకు అవి. తర్వాత రొయ్యలో, కోడో, సాసేజో. కొందరు చిక్కదనానికి బెండకాయ వేస్తారు. మనం బెండకాయ జిగురు పోగొట్టడానికి నానా తిప్పలు పడతామా, వాళ్ళకు ఆ జిగురే కావాలి. కొందరు బెండకాయ బదులు శాసఫ్రాస్ అనే చెట్టు ఆకుల పొడి చల్లుతారు. అది చాక్టా అనే అక్కడి ఆదివాసీల నుంచి నేర్చుకున్నది. గిన్నెలో మధ్యన కాస్త అన్నం పెట్టి, చుట్టూ పోసి తెస్తారు. చింతపండు లేని పులుసు అనుకోండి. పులుపు కోసం నాలుక వెతుక్కుంటుంది. టేబుల్ మీద వెనిగర్ మిరప సాస్ సీసా ఉన్నది అందుకే, మొహమాటపడకండి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు "బౌల్" కాదు, "కప్" అనండి. కప్ గంబో, సగం పోబాయ్, ఒక ప్లేట్ బీన్స్ అన్నం తెప్పించి ముగ్గురు పంచుకుంటే మూడూ తిన్నట్టవుతుంది, ఆకలి మిగలదు.

పోబాయ్ అంటే పెళుసు ఫ్రెంచ్ రొట్టెలో వేయించిన రొయ్యలో, ఆయిస్టరో, క్యాట్‌ఫిషో కూరిన శాండ్‌విచ్. 1929లో న్యూ ఆర్లీన్స్ ట్రామ్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, ఒకప్పుడు ట్రాముల్లో పనిచేసిన మార్టిన్ సోదరులు వాళ్ళకు ఉచితంగా శాండ్‌విచ్‌లు పెట్టారు. సమ్మె చేస్తున్నవాడు కొట్టులోకి వస్తే "ఇంకో పూర్ బాయ్ వచ్చాడు" అనుకునేవారని, ఆ మాటే పోబాయ్ అయిందని చెబుతారు. ఇక్కడే "డ్రెస్డ్?" అని అడుగుతారు. లెట్యూస్, టమాటా, పచ్చడి దోసకాయ ముక్కలు, మయోనైజ్ వేయమంటారా అని. జవాబు "యెస్". శాంటా ఫేలో పనిచేయని నా "యెస్" ఇక్కడ పనికొచ్చింది.

పొద్దున్నే కెఫే డు మోండ్‌కు వెళ్ళండి. 1862 నుంచి ఉంది. బెన్యేలు మూడేసి వస్తాయి. పొంగిన చతురస్రపు గారెల్లాంటివి, పైన పంచదార పొడి కొండలా పోస్తారు. నల్ల చొక్కా వేసుకోవద్దు, కొరికేటప్పుడు ఊపిరి పీల్చొద్దు, దగ్గొస్తుంది. అక్కడి కాఫీలో చికోరీ ఉంటుంది, వేడి పాలు సగానికి సగం పోస్తారు. అమెరికా వచ్చినప్పటినుంచి "ఈ కషాయాలు నా వల్ల కాదు" అన్న మా అమ్మ అక్కడ రెండో కప్పు అడిగింది. ఫిల్టర్ కాఫీ పొడిలో మనవాళ్ళు కలిపేదీ ఆ చికోరీనే కదా.

ఆ ఊళ్ళో ఇంకో మాట నేర్చుకోండి: లాన్యాప్. కొన్నదాని మీద కొట్టువాడు ఊరికే ఇచ్చే చిన్న అదనం. అమెరికాలో ఇన్నేళ్ళున్నాక మొదటిసారి "కొసరు"కు సరైన మాట దొరికింది. అడిగితే ఇవ్వరు, వాళ్ళంతట వాళ్ళు ఇవ్వాలి. ఈ ఒక్కచోట మన పద్ధతికి తేడా.

టెక్సాస్: తూకం మీద మాంసం, దారిలో గసగసాలు

టెక్సాస్ బార్బెక్యూ అంటే ముఖ్యంగా బ్రిస్కెట్, ఆవు రొమ్ము మాంసం. మనలో చాలామందికి కుదరదు. కుదిరేవాళ్ళకు మాట పొదుపుగా చెబుతాను. ఆస్టిన్‌కు దక్షిణాన లాక్‌హార్ట్ వెళ్ళండి, పదకొండు లోపు లైన్లో నిలబడండి, మనిషికి అర పౌండు చెప్పండి. "లీన్ ఆర్ మాయిస్ట్?" అంటే "మాయిస్ట్" అనండి. కొవ్వున్న వైపు అన్నమాట, రుచి అందులోనే ఉంది. మాంసం అయిపోతే కొట్టు మూసేస్తారు, ఏ టైమైనా సరే. ప్లేటు ఉండదు, కాగితం మీదే పెడతారు, పక్కన తెల్ల బ్రెడ్, ఉల్లిపాయ, పికిల్. సాస్ అడిగితే కొన్నిచోట్ల చిన్నచూపు చూస్తారు.

కుదరనివాళ్ళు వెనక్కి రావక్కర్లేదు. పొగబెట్టిన టర్కీ కోడి అడగండి. ఎవరూ పొగడని వంటకం, కానీ ఓక్ కట్టె పొగ మీద గంటల తరబడి మగ్గిన టర్కీ రొమ్ము, పైన నల్ల మిరియాలు, మెత్తగా ఉంటుంది. దానికోసమే నేను లైన్లో నిలబడతాను. బీన్స్ మాత్రం అడిగి తీసుకోండి, అందులో బ్రిస్కెట్ ముక్కలు పడతాయి.

శాకాహారులకు ఆ దారిలో నా బహుమతి కొలాచీ. డాలస్, ఆస్టిన్‌ల మధ్య "వెస్ట్" అనే ఊరుంది. ఊరు పేరే వెస్ట్, పడమరలో మాత్రం లేదు. చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఊరు. మెత్తటి తియ్యని బన్ను మధ్య గుంటలో ఆప్రికాట్, ప్లమ్, క్రీమ్ చీజ్, గసగసాల ముద్ద పెట్టి కాలుస్తారు. గసగసాలది ముందు తీసుకోండి. గుడ్డు ఉంటుంది, అది చూసుకోండి. సాసేజ్ పెట్టి చుట్టినదాన్ని కూడా జనం కొలాచీ అనేస్తారు కానీ, తెలిసినవాళ్ళ లెక్కలో దాని పేరు క్లోబాస్నెక్. డబ్బాలో రెండూ కలిపి పెట్టించుకోవద్దు, ఒకేలా కనిపించి అమ్మ నోట్లోకి తప్పుది వెళుతుంది. మా ఇంట్లో వెళ్ళింది.

న్యూ మెక్సికో: మిరపకాయ రాజ్యం

డాలస్ నుంచి శాంటా ఫే పది గంటలు. అమరిల్లో దాటాక ఏమీ ఉండదు, పాటలు ఎక్కించుకుని వెళ్ళండి.

ఇక్కడ మిరపకాయ మసాలా కాదు, కూర. రాష్ట్ర అధికారిక కూరగాయలుగా 1965లోనే మిరపకాయను, పింటో బీన్స్‌ను ప్రకటించుకున్నారు. ఇప్పటి రకాలకు మూలం ఫేబియన్ గార్సియా అనే శాస్త్రవేత్త. అక్కడి వ్యవసాయ కళాశాలలో ఏళ్ళ తరబడి రకాలు కలిపి, 1921లో న్యూ మెక్సికో నంబర్ 9 అనే మిరపను విడుదల చేశాడు. పొడవాటి కాయ, కండ ఎక్కువ. గుంటూరు మిరపతో పోలిస్తే కారం తక్కువే, కానీ కాలిస్తే వచ్చే వాసన, లోపలి తీపి వేరు.

గ్రీన్ అంటే పచ్చిగా కోసి, కాల్చి, పొట్టు తీసి వండినది. రెడ్ అంటే అదే కాయ చెట్టునే పండి, ఎండి, నానబెట్టి రుబ్బినది. ఇళ్ళ ముందు దండల్లా వేలాడే ఎండుమిరపకాయలు చూస్తే కర్నూలు వైపు కళ్ళాలు గుర్తొస్తాయి. ఇప్పుడు ఆ ప్రశ్నకు జవాబు. ఒకటి చెప్పలేకపోతే "క్రిస్మస్" అనండి, సగం ఎరుపు, సగం పచ్చ పోసి తెస్తారు. ఎరుపంటే కారం ఎక్కువ అనుకోవద్దు. ఆ రోజు కాయను బట్టి మారుతుంది. "విచ్ ఈజ్ హాటర్ టుడే?" అని అడగండి. స్థానికులూ అడుగుతారు.

ఏం తెప్పించాలి? శాకాహారులకు నీలి మొక్కజొన్న టోర్టియాల చీజ్ ఎంచిలాడాలు. చుట్టినవి కాకుండా అట్ల మీద అట్టులా పేర్చినవి ఉంటే అవి. తినేవాళ్ళు పైన ఒక గుడ్డు వేయించి పెట్టమనండి. రెడ్ చిలీలో పంది రసం కలుపుతారా, బీన్స్‌లో లార్డ్ ఉందా అన్నవి ముందే అడగాలి, కొట్టు కొట్టుకీ మారుతుంది. గ్రీన్ చిలీ స్ట్యూలో మామూలుగా పందో, కోడో ఉంటుంది.

భోజనంతో సోపపియా వస్తుంది. పూరీనే! పొంగి, లోపల డొల్లగా. మూల చింపి అందులో తేనె పోసుకుని తినాలి. మా వాళ్ళు దాన్ని ఎంచిలాడా మీది రెడ్ చిలీలో ముంచుకుని తిన్నారు. వడ్డించే ఆవిడ వద్దనలేదు, "అదీ బాగుంటుంది" అంది. ఆకారాన్ని చూసి మురిసిపోయి లార్డ్ గురించి అడగడం మరిచిపోకండి. బిస్కోచీటో అనే సోంపు, దాల్చిన చెక్క బిస్కెట్టు ఆ రాష్ట్ర అధికారిక కుకీ, సంప్రదాయంగా పందికొవ్వుతోనే చేస్తారు.

సెప్టెంబర్లో వెళితే కిరాణా కొట్ల ముందు ఇనుప జల్లెడ పీపాలు గిరగిర తిరుగుతుంటాయి, కింద గ్యాస్ మంట. లోపల గోతాంలోంచి పోసిన మిరపకాయలు. వీధి చివరికే ఘాటు తెలుస్తుంది. అక్కడ ఒక మూట కొని తీరాలి. దాంతో ఏం చేయాలో చివర చెబుతాను.

విమానంలో వెళ్ళే ఊళ్ళకు

నాష్‌విల్ హాట్ చికెన్. రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చిన ప్రియుడికి బుద్ధి చెప్పాలని ఒకావిడ కోడి ముక్కకు కారం దట్టించిందని, ఆ థార్న్‌టన్ ప్రిన్స్ దాన్ని ఇష్టంగా తిని కొట్టే పెట్టాడని కథ. "మనం ఆంధ్రా వాళ్ళం, మనకేంటి" అని ఒక కొట్టులో అన్నిటికంటే ఘాటైన మెట్టు చెప్పాను. మన కారం పులుసులోనో, అన్నంలోనో కలిసి వస్తుంది. ఇది మరిగిన కొవ్వులో కలిపిన కారప్పొడి ముద్ద, నేరుగా ముక్కకు పట్టించినది. పెరుగు లేదు, అన్నం లేదు, ఒక తెల్ల బ్రెడ్ ముక్క. నా పరువు ఆ బల్ల మీదే పోయింది. మొదటిసారి "మీడియం" చెప్పండి, ఆ బ్రెడ్‌ను చివరికి దాచుకోండి.

మేరీలాండ్‌లోని బాల్టిమోర్‌లో పీతలు. డజను లెక్కన అమ్ముతారు. బల్ల మీద కాగితం పరిచి, మసాలా అంటుకున్న ఉడికిన పీతలు కుమ్మరించి, చేతికి చెక్క సుత్తి ఇస్తారు. కడుపు మీద రేకు సన్నగా, స్తంభంలా ఉంటే మగది, గుమ్మటంలా ఉంటే ఆడది. వాళ్ళు దాన్ని వాషింగ్టన్ మాన్యుమెంట్, క్యాపిటల్ భవనం అని గుర్తు పెట్టుకుంటారు. రెండు గంటలు పెట్టుకుని వెళ్ళండి, తొందరున్నవాళ్ళు తినే తిండి కాదు.

జార్జియా, సౌత్ కరోలినా రోడ్ల మీద "బాయిల్డ్ పీనట్స్" అని చేత్తో రాసిన బోర్డు కనిపిస్తే ఆపండి. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, అచ్చంగా అవే! ఉప్పు నీళ్ళలో గంటలకొద్దీ ఉడికినవి. సౌత్ కరోలినాకు అది 2006 నుంచి అధికారిక చిరుతిండి. లూసియానా వైపు కారపు కేజన్ మసాలా వేసినవీ ఉంటాయి, నాకు ఉప్పువే ఇష్టం. తొక్కలు వేయడానికి కారులో ఒక సంచి పెట్టుకోండి.

షికాగో లోతు పిజ్జాకు ముప్పావుగంట పడుతుంది, లైన్లో ఉండగానే ఆర్డర్ తీసుకుంటారేమో అడగండి. పాలకూరది శాకాహారులకు బాగుంటుంది. అక్కడ హాట్‌డాగ్ మీద కెచప్ అడిగితే మనల్ని చిన్నపిల్లల్ని చూసినట్టు చూస్తారు. ఫిలడెల్ఫియాలో చీజ్‌స్టేక్ (ఆవు మాంసం, చీజ్ కూరిన శాండ్‌విచ్) కౌంటర్ దగ్గర ముందు చీజ్ పేరు, తర్వాత ఉల్లిపాయ కావాలో వద్దో, రెండే మాటలు చెప్పాలి. "విజ్ విట్" అంటే విజ్ అనే పసుపు చీజ్, ఉల్లిపాయలతో. ఆవు మాంసం వద్దంటే చాలాచోట్ల కోడిది దొరుకుతుంది. మెయిన్ రాష్ట్రంలో లాబ్‌స్టర్ రోల్ చల్లగా మయోనైజ్‌తో, కనెటికట్‌లో వేడి వెన్నతో. నా ఓటు వెన్నకు.

బిల్లు, టిప్పు, డబ్బా

మెనూ మీది ధరకు పన్ను కలవదు. కూర్చోబెట్టి వడ్డించేచోట 18 నుంచి 20 శాతం టిప్ వేసుకోండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు ముందే చెప్పి ఉంచితే టేబుల్ దగ్గర లెక్కల పంచాయితీ తప్పుతుంది. కౌంటర్లో మీరే తెచ్చుకునేచోట స్క్రీన్ మీ వైపు తిప్పుతారు, అది మీ ఇష్టం. నేను ఒకటో రెండో డాలర్లు వేస్తాను. "మార్కెట్ ప్రైస్" అని రాసి ఉంటే ఎంతో అడిగి తెలుసుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. మంచినీళ్ళు ఊరికే ఇస్తారు, "నో ఐస్" అనకపోతే సగం గ్లాసు మంచు. మిగిలితే "బాక్స్ ప్లీజ్". బిడియం వద్దు, పక్కవాళ్ళూ అదే అడుగుతారు.

తిరిగొచ్చేటప్పుడు

న్యూ ఆర్లీన్స్ నుంచి చికోరీ కాఫీ డబ్బా తెచ్చుకోండి. న్యూ మెక్సికో నుంచి కాల్చిన మిరపకాయల మూట. వేడివేడిగా ప్లాస్టిక్ సంచిలో పోసి ఇస్తారు. కాసేపు కారులో మూట విప్పి చల్లారనిచ్చి, ఐస్ బాక్స్‌లో పెట్టేయండి, ఎండలో కారులో వదిలేస్తే పాడవుతాయి. ఇంటికొచ్చాక పొట్టు తీయకుండానే, పూటకు సరిపడా చిన్న సంచుల్లో సర్ది ఫ్రీజర్‌లో పడేయండి. కరిగాక పొట్టు దానంతటదే జారిపోతుంది.

పచ్చడికి ఎనిమిది కాయలు చాలు. పొట్టు, తొడిమ తీసి, కాస్త నీరు పిండేయండి. గుప్పెడు వేరుశనగపప్పు, చెంచా జీలకర్ర వేయించుకోండి. నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉసిరికాయంత చింతపండు, ఉప్పు. ముందు పప్పు, జీలకర్ర, వెల్లుల్లి, చింతపండు మెత్తగా తిప్పి, ఆ తర్వాతే మిరపకాయలు వేయండి. మిక్సీని ఒక్కసారి తిప్పి ఆపేయాలి. ఈ కాయకు కండ ఎక్కువ, రెండోసారి తిప్పితే సాస్ అయిపోతుంది. ఆవాలు, ఇంగువతో పోపు పెట్టి, వేడి అన్నంలో నెయ్యి కాస్త ఎక్కువే వేసుకోండి.